తడిసిన ఇంజను తడబడుటకు కారణము

2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపానులో మన ప్రత్తి, మిరప చేలు మునిగినవి. అట్టి దినములలో నీరు తోడుటకును, పిదప మందు చల్లుటకును పెట్రోలు ఇంజనే యాధారము; అదియు అప్పుడే మొరాయించును.

ప్లగ్గు పింగాణిమీదను, తీగమీదను తడియు ధూళియు చేరినచో విద్యుత్తు రవ్వగా దుముకక ఆ తడివెంట జారిపోవును. చీకటిలో చూచినచో తీగపై నీలికాంతి కనబడును. పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన చాలును. చిట్లిన తీగను మాత్రము మార్చవలెను.

ప్రొద్దున తడబడి, వేడెక్కినపిమ్మట సరియగునది తేమదోషము. వేడెక్కినను ఆగి ఆగి నడచునదైనచో చమురులో నీరున్నదేమో చూడవలెను. కార్బురేటరు గిన్నెలోని చమురును గాజుసీసాలోనికి దింపుడు. నీరు బరువైనది గనుక అడుగున వేరుగ నిలుచును. చుట్ట కాల్చుచు ఈ పని చేయరాదు.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 వంతుల వరకు ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును. మితిమీరినచో నీటితో గూడి అడుగునకు దిగును. నూనె కలిపి వాడెడి రెండు స్ట్రోకుల స్ప్రేయరులో నూనె పైననే నిలిచి, అడుగు ద్రవమే ఇంజనులోనికి పోవును, పిస్టను పట్టివేయును. కావున పని ముగిసినపిదప టాంకిలో పెట్రోలు నెలల తరబడి నిలువయుంచరాదు. సీసా చూపినగాని ఈ మాట నమ్మనివారు మనలో గలరు.

మేము ముఖ్యముగ చెప్పునది యిది: నీట మునిగిన ఇంజను త్రాడు వెంటనే లాగరాదు. సిలిండరులోని నీరు అణగదు. కనెక్టింగ్ రాడ్డు వంగును. స్విచ్చి కట్టివేసి, ప్లగ్గు నూడదీసి, నెమ్మదిగా త్రిప్పి నీరు వెళ్లగొట్టవలెను. ఇంజను నూనె పాలవలె తెల్లనైనచో మార్చి, గాలివడపోత నారబెట్టి, ఆ పిదపనే స్టార్టు చేయవలెను.