నిద్ర లేచిన యంత్రం

నిద్రపుచ్చిన కంప్యూటర్‌ను తట్టి లేపగానే తెర వెలుగుతుంది. అంతమాత్రాన యంత్రమంతా మేల్కొన్నదని భావించడానికి వీలులేదు. ఒక్కొక్కప్పుడు తెర వెలిగినా మౌస్ కదలదు. పాట నడుస్తున్నట్లు కనిపించినా స్పీకరు పలకదు. ఇందుకు కారణం తెలియాలంటే ఒక భేదాన్ని గ్రహించాలి. పరికరానికి విద్యుత్తును తిరిగి అందించడం ఒక పని. దానికి పూర్వస్థితిని తిరిగి కల్పించడం మరొక పని.

ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు, బ్యాటరీ లేని డిజిటల్ గడియారం వెంటనే వెలుగుతుంది. కాని సరైన వేళను చూపలేక పన్నెండు గంటల వద్దనే మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. విద్యుత్తు వచ్చినా జ్ఞాపకం రాలేదు. ఎవరైనా వేళను సరిదిద్దవలసిందే. నిద్ర లేచిన కంప్యూటర్‌లోని పరికరాల స్థితి కూడా ఇటువంటిదే.

ఈ నిద్రకు సంబంధించిన నియమాలను ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996లో ఏ.సి.పి.ఐ. అనే ప్రమాణంగా వెలువరించాయి. దీని ప్రకారం యంత్రం మెలకువగా ఉన్న స్థితి ఎస్0. సాధారణ నిద్ర ఎస్3. పరికరాలకు కూడా ఇటువంటి స్థితులున్నాయి. డి0లో పరికరం పూర్తిగా పనిచేస్తుంది. డి3లో దానికి విద్యుత్తును పూర్తిగా నిలిపివేయవచ్చు. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఎస్3కు బదులుగా, యంత్రాన్ని ఎస్0లోనే ఉంచి పరికరాలను విడివిడిగా నిద్రపుచ్చే పద్ధతి అమలులో ఉంది.

ఎస్3 నిద్రలో ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. ర్యామ్‌లోని సమాచారం అతిసూక్ష్మమైన కెపాసిటర్లలో విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది. ఆ ఆవేశం క్రమంగా తరిగిపోతుంది కనుక సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు దానిని పునరుద్ధరించాలి. మిగిలిన పరికరాలలో అనేకం విద్యుత్తుతోపాటు తమ అమరికలను కూడా కోల్పోతాయి. అందువల్ల ప్రతి పరికరాన్నీ నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్, నిద్రకు ముందే ఆ అమరికలను ర్యామ్‌లో దాచి ఉంచుతుంది.

మేల్కొలుపునకు ఒక క్రమం ఉంది. నిద్రపోయేటప్పుడు ముందుగా కెమెరా, తరువాత అది ఆధారపడిన యు.ఎస్.బి. కంట్రోలర్ విశ్రమిస్తాయి. లేచేటప్పుడు ముందు కంట్రోలర్, ఆపైన కెమెరా మేల్కొంటాయి. కాలువకు నీరు రాకముందే పొలానికి మడవ తీసి ప్రయోజనం లేదు కదా!

క్రమంతోపాటు ఓర్పు కూడా అవసరం. నిద్రాణమైన యు.ఎస్.బి. పరికరాన్ని మేల్కొలిపే సంకేతం కనీసం 20 మిల్లీసెకన్లపాటు కొనసాగాలి. ఆ పిమ్మట అది తేరుకోవడానికి మరో 10 మిల్లీసెకన్ల వ్యవధి ఇవ్వాలి. ఈలోగానే డ్రైవర్ ఆజ్ఞ జారీచేస్తే పరికరం బదులు పలకకపోవచ్చు. అప్పుడు చక్కగా ఉన్న పరికరం కూడా చెడిపోయినట్లే కనిపిస్తుంది. కొన్ని వైఫై పరికరాలు తమను నడిపే అంతర్గత ప్రోగ్రామును శాశ్వతంగా దాచుకోలేవు. విద్యుత్తు పోయి వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ దానిని మళ్ళీ ఎక్కించవలసి ఉంటుంది.

మూగబోయిన మౌస్‌ను ఊడదీసి తిరిగి తగిలిస్తే సాధారణంగా పనిచేస్తుంది. కంప్యూటర్ దానిని కొత్తగా వచ్చిన పరికరంగా గుర్తించి మొదటినుంచి సిద్ధంచేయడమే ఇందుకు కారణం. ఈ ఇబ్బంది పదేపదే ఎదురైతే డ్రైవర్ కొత్త రూపాన్ని స్థాపించుకోవడం మంచిది.

అయితే పెన్‌డ్రైవ్ విషయంలో ఊడదీయడం ప్రమాదకరం. కంప్యూటర్ నిద్రలో ఉండగా దానిని తీసి, మరొకచోట ఫైళ్ళు మార్చి, తిరిగి తగిలించారనుకుందాం. యంత్రం దాని గుర్తింపు సంఖ్యలను సరిపోల్చి, అదే పెన్‌డ్రైవ్ అని నమ్మవచ్చు. లోపలి మార్పులు మాత్రం దానికి తెలియవు. ర్యామ్‌లో మిగిలిన పాత వివరాలను అనుసరించి రాయడం మొదలుపెడితే కొత్త ఫైళ్ళు నాశనం కావచ్చు. నెలల తరబడి సిద్ధంచేసిన ప్రాజెక్టు నివేదిక క్షణంలో చేజారిపోవచ్చు.

నిద్రలో బ్యాటరీ పూర్తిగా అయిపోతే ర్యామ్‌లోని సమాచారం కూడా మిగలదు. మేల్కొలుపు సుఖంగా జరగడమన్నది నిద్రకు ముందు చేసిన ఏర్పాట్లపై ఆధారపడి ఉంటుంది. అమరికలను దాచడం డ్రైవర్ బాధ్యత. చేసిన పనిని డిస్కులో భద్రపరచి, పెన్‌డ్రైవ్‌ను పద్ధతిప్రకారం తొలగించి, ఆ తరువాతనే యంత్రాన్ని నిద్రపుచ్చడం మనిషి బాధ్యత.