గోధుమలో జిగురు, సంగటిలో బిగువు

గోధుమపిండిని ముద్దచేసి చపాతీకర్రతో ఒత్తితే గుండ్రంగా సాగుతుంది. రాగిపిండిని చన్నీళ్ళతో కలిపి అలాగే ఒత్తి చూడండి. అంచులు పగిలి, ముక్కలై, కర్రకు అంటుకుంటుంది. రెండూ ధాన్యపు పిండులే కదా, ఎందుకీ తేడా?

ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గుప్పెడు గోధుమపిండిని గట్టిగా కలిపి అరగంట నాననివ్వండి. తర్వాత గిన్నెడు నీళ్ళలో ఆ ముద్దను మెల్లగా పిసకండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. ఆ తెలుపు పిండిపదార్థం. నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి పిసికితే చివరకు చేతిలో చిన్న ముద్ద ఒకటి మిగులుతుంది. లాగితే రబ్బరులా సాగుతుంది. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారి అనే శాస్త్రజ్ఞుడు 1745లో ప్రచురించిన ప్రయోగం ఇదే. ఈ జిగురు పేరు గ్లూటెన్. ఇది కొన్ని మాంసకృత్తుల కలయిక. రొట్టెపిండిలో పుట్టే గాలిబుడగలను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేది ఇదే. రాగిపిండితో ఈ ప్రయోగం చేస్తే ముద్దంతా నీళ్ళలో కలిసిపోతుంది. చేతిలో జిగురేమీ మిగలదు.

కొందరికి ఈ జిగురు పడదు. మన చిన్నపేగు లోపలి గోడకు ఆంత్రచూషకాలు ఉంటాయని మీరు చదువుకున్నారు. తిన్న ఆహారంలోని సారాన్ని రక్తంలోకి చేర్చేవి అవే. సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారు గోధుమ తింటే, వారి శరీరపు రక్షణ వ్యవస్థ గ్లూటెన్ మీద చేసే పోరాటంలో సొంత పేగునే గాయపరుస్తుంది. చూషకాలు అరిగి చదునవుతాయి. అప్పుడు పిల్లవాడు ఎంత తిన్నా ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం కనిపిస్తాయి. బార్లీ, రై ధాన్యాలతో కూడా ఇదే ప్రమాదం.

కారణం తెలిసేలోపు వైద్యులు చాలా తికమకపడ్డారు. రాజంపేట, రైల్వేకోడూరు తోటల అరటిపండ్లు తినే మీకు ఈ ముచ్చట నచ్చుతుంది. 1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ ఈ జబ్బు పిల్లలకు అరటిపండ్లు పెట్టి, రొట్టె, బంగాళాదుంపలు మాన్పించాడు. పిల్లలు కోలుకున్నారు. అరటిపండులో ఏదో మహిమ ఉందని ఆయన నమ్మాడు. (పండ్ల వ్యాపారులకు అది సంతోషమే!) నయమైందని మళ్ళీ రొట్టె పెడితే జబ్బు తిరగబెట్టేది. అసలు మేలు అరటిపండు పెట్టడంలో కాక, రొట్టె మాన్పించడంలో ఉంది. ఈ సంగతిని తేల్చినవాడు హాలెండు పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1944–45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే, ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ పడకెక్కారు. గోధుమే కారణమని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో ఆయన నిరూపించాడు.

దీనికి మందు ఈనాటికీ ఆహారమే. జీవితాంతం గ్లూటెన్ మానాలి. మానితే చూషకాలు నెమ్మదిగా మళ్ళీ మొలుస్తాయి. సరే, మానడం చెప్పినంత సులభమా? బడిలో అందరూ బిస్కట్లు పంచుకుంటారు. పెళ్ళిలో పూరీలు వడ్డిస్తారు. ఒక్కడు చేతులు ముడుచుకు కూర్చోవాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. వాడికి కడుపూ నిండాలి, మనసూ నిండాలి.

ఆ మాటకొస్తే రాయలసీమ వంటింటికి ఇది కొత్త లెక్కేమీ కాదు. సంగటి ఎలా చేస్తారో మీ అవ్వనడగండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి, తెడ్డుతో గట్టిగా గెలుకుతారు. వేడినీటిలో పిండి రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి, జావలా చిక్కబడి ఒకదానినొకటి పట్టుకుంటాయి. గోధుమలో జిగురు చేసే పనిని ఇక్కడ వేడి చేస్తుంది. జొన్నరొట్టెకు వేడినీళ్ళు పోసి పిండి కలపడం కూడా అందుకే. అయినా అది సాగదు కనుక కర్రతో ఒత్తక చేత్తో తడతారు. ముద్ద సంగటి, చెనిక్కాయల ఊరుబిండి తిని పొలానికి పోయినవారికి మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. పైగా 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పేగు దెబ్బతిని ఎముకలు బలహీనపడిన పిల్లలకు ఇది పెద్ద ఆసరా.

గ్లూటెన్ లేకుండా పొంగే వంటకం కావాలా? ఇడ్లీ ఉంది. పులిసేటప్పుడు పుట్టే వాయువును మినప్పప్పులోని జిగట పట్టి ఉంచుతుంది. గోధుమరవ్వ ఉప్మాకు బదులు బొరుగుల ఉగ్గాని, దాని పక్కన శనగపిండి బజ్జీ! బిస్కట్టుకు బదులు చెనిక్కాయల చిక్కీ. ఇప్పుడు అంగళ్ళలో అమ్మే గ్లూటెన్ లేని రొట్టెల్లో కూడా జిగురు కోసం తరచు కలిపేది గోరుచిక్కుడు గింజల బంకనే. ఏ ధాన్యమూ తినకూడని వారికి పెసరట్టు, చిలగడదుంప, కర్రపెండలం నుంచి తీసే సగ్గుబియ్యం ఉన్నాయి.

పరీక్ష చేయించుకోకముందే గోధుమ మానేయకూడదు. గోధుమ తింటూ ఉంటేనే రక్తపరీక్షలో జబ్బు సరిగా బయటపడుతుంది. జబ్బు ఉందని తేలాక మాత్రం పొట్లాల మీది అక్షరాలు చదవడం నేర్చుకోవాలి. అంగడి ఇంగువలో తరచు గోధుమపిండి కలుస్తుంది. సేమియా, బొంబాయిరవ్వ గోధుమవే. మాల్టు పానీయాల్లో బార్లీ ఉంటుంది. కిలోకు 20 మిల్లీగ్రాములు మించితే ఆ పదార్థాన్ని గ్లూటెన్ లేనిదిగా అమ్మరాదని మన దేశపు నిబంధన. అంటే చిటికెడు పిండి కూడా ఎక్కువే. అందువల్ల రాగులు మరకు తీసుకుపోతే, అంతకుముందు అందులో ఎవరి గోధుమలు ఆడించారో అడగాలి. ఆడించి ఉంటే ఆ పిండి ఈ పిల్లవాడికి పనికిరాదు. ఇంట్లో అవ్వకాలపు తిరగలి ఉంటే, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, దాన్ని రాగులకే కేటాయించవచ్చు.