నాయనమ్మకు మళ్లీ తట్టు రాదా?

"మా నాయనమ్మకు చిన్నప్పుడు తట్టు పోసిందట. మళ్లీ రాదా సార్?" అని కరీంనగర్‌లో మా తరగతి పిల్లవాడొకడు అడిగాడు.

దీనికి జవాబు 1846లోనే దొరికింది. ఆ ఏడు అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. సుమారు 7,800 మంది జనంలో 6,000 మంది జబ్బుపడ్డారు. అక్కడికి వెళ్లిన పానుం అనే యువ వైద్యుడు ఒక వింత గమనించాడు. 1781లో తట్టు సోకిన ముసలివాళ్లలో ఒక్కరికీ ఈసారి రాలేదు! వైరస్‌తో పోరాడిన తెల్లరక్తకణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, 65 ఏళ్ల తరువాత కూడా శత్రువును గుర్తుపట్టాయన్నమాట. జబ్బు పడకుండానే ఈ జ్ఞాపకాన్ని కలిగించేది టీకా.

కనుక నాయనమ్మకు వచ్చింది తట్టే అయితే (ఆటలమ్మ కాకపోతే!) ఆమె గురించి బెంగ లేదు. నాకు బెంగ నాన్న గురించే. ఈ టీకా 1985లో మన దేశపు సార్వత్రిక కార్యక్రమంలో చేరి, కొన్ని జిల్లాలతో మొదలై, 1990 నాటికి అంతటా విస్తరించింది. అప్పుడు ఒకటే మోతాదు. తొమ్మిది నెలల పాపలలో నూటికి పదిహేను మందికి దానితో రక్షణ రాదు. రెండో మోతాదు 2010 నుంచే. 2017 ఆగస్టులో తెలంగాణ బడుల్లో వేసిన తట్టు-రుబెల్లా టీకా 15 ఏళ్ల లోపు వారికే.

ఆదిలాబాద్ గూడెంలో పెరిగి, టీకా కార్డు లేక, రేపు గల్ఫ్‌లో పదిమందితో ఒకే గదిలో ఉండబోయే మనిషిని ఊహించండి. రోగి వెళ్లిపోయినా వైరస్ గది గాలిలో రెండు గంటలుంటుంది. పెద్దలకు సోకితే నిమోనియా భయం ఎక్కువ.

కార్డు లేనివారు డాక్టరును అడిగి, కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు వేయించుకోవచ్చు. ఇదివరకే రక్షణ ఉన్నా నష్టం లేదు. గర్భిణులు మాత్రం వేయించుకోరాదు. ఇందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్.