మేత డీలర్లు, ఎఫ్‌పీఓల లెక్కల సాఫ్ట్‌వేర్: ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్ సమయంలో వచ్చే చిక్కులు - పరిష్కారాలు

నెల్లూరు తీరంలో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో వనామీ రొయ్యల సాగు చాలావరకు ఖాతా మీద నడుస్తుంది. రైతు మేత, మందులు అప్పుగా తీసుకుంటాడు. మూడు నాలుగు నెలల తర్వాత రొయ్యలు అమ్మినప్పుడు లెక్క తేలుతుంది. ఆ లెక్కంతా డీలరు దుకాణంలోనో, రైతు ఉత్పత్తిదారుల సంఘం (ఎఫ్‌పీఓ) ఆఫీసులోనో ఒక కంప్యూటర్‌లో ఉంటుంది. పంట మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ బెడిసికొడితే ఎవరి బాకీ ఎంతో తేలక రైతుకూ డీలరుకూ మధ్య తగాదా వస్తుంది. మన ప్రాంతంలో ఎక్కువమంది వాడేది ట్యాలీ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తున్నాం. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి కూడా ఇందులోని జాగ్రత్తలు చాలావరకు వర్తిస్తాయి.

అప్‌గ్రేడ్ ఎప్పుడు చేయాలి?

నెలవారీ జీఎస్టీ రిటర్నులు వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. కాబట్టి 20 దాటాక, నెలాఖరు లోపు అప్‌గ్రేడ్ పెట్టుకోవడం మంచిది. మార్చి చివరి వారంలో, రొయ్యలు పట్టే రోజుల్లో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ పని మొదలుపెట్టవద్దు. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే డేటా ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగకూడదు.

మొదలుపెట్టే ముందు చేయాల్సినవి

1. కంపెనీ డేటా బ్యాకప్ తీయాలి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కీలు కలిపి నొక్కితే వచ్చే డేటా మెనూలో బ్యాకప్ ఉంటుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, మరొకటి వేరే కంప్యూటర్‌లోనో క్లౌడ్‌లోనో పెట్టాలి. అదే కంప్యూటర్‌లోని ఇంకో డ్రైవ్‌లో పెట్టి ఊరుకుంటే, డిస్కు పోయినప్పుడు రెండూ పోతాయి.

2. ఆ బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో పరీక్షించాలి. దాన్ని కొత్త ఖాళీ ఫోల్డర్‌లోకే రీస్టోర్ చేయాలి. ఇప్పుడు వాడుతున్న ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేస్తే ఉన్న డేటా మీద పాత డేటా పడుతుంది.

3. ఐదు అంకెలు కాగితం మీద రాసుకోవాలి: ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, రైతుల నుంచి రావాల్సిన మొత్తం, కంపెనీలకు ఇవ్వాల్సిన మొత్తం, గోడౌన్‌లో మేత నిల్వ, నగదు - బ్యాంకు నిల్వ.

4. పెద్ద బాకీలు ఉన్న రైతుల ఖాతాలు ప్రింట్ తీయాలి.

5. ఇప్పుడున్న వెర్షన్, లైసెన్సు సీరియల్ నంబరు, సర్వీసు గడువు తేదీ రాసి పెట్టుకోవాలి.

అసలు ఇన్‌స్టాల్ కాకపోతే

కారణాలు సాధారణంగా మూడే. మొదటిది పాత కంప్యూటర్. ట్యాలీ ప్రైమ్‌కు 64 బిట్ విండోస్ కావాలి. 32 బిట్ విండోస్ ఉన్న పాత మెషీన్‌లో అది ఎక్కదు. రెండోది అనుమతి. సెటప్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయాలి. మూడోది యాంటీవైరస్. అది కొన్నిసార్లు ప్రోగ్రామ్ ఫైలును పక్కకు తీసేస్తుంది. అప్పుడు యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపేయకుండా, ట్యాలీ ఫోల్డర్‌ను మాత్రం దాని మినహాయింపుల జాబితాలో చేర్చాలి. సెటప్ ఫైలును అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీతో వైరస్ వస్తుంది, రేపు డేటా అప్‌గ్రేడ్ కాకపోతే అడిగే దిక్కు ఉండదు.

1, 2, 31 తేదీలే తీసుకుంటుంటే

అప్‌గ్రేడ్ తర్వాత బిల్లు కొట్టబోతే నెలలో 1, 2, 31 తేదీలు తప్ప మిగతావి ఒప్పుకోకపోతే కంగారు పడవద్దు. డేటా పోలేదు. సాఫ్ట్‌వేర్ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి వెళ్లింది, అంటే లైసెన్సు దానికి అందడం లేదు. ముందు నెట్ కనెక్షన్, కంప్యూటర్ తేదీ సరిగా ఉన్నాయో చూసి లైసెన్సును మళ్లీ యాక్టివేట్ చేయాలి. సర్వీసు గడువు తీరిపోయాక వచ్చిన వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసినా ఇలాగే అవుతుంది. అప్పుడు గడువు పొడిగించుకోవాలి, లేదా మీ లైసెన్సుకు తగిన పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లాలి.

కంప్యూటర్ మార్చేటప్పుడు, ఫార్మాట్ చేసేటప్పుడు పాతదాంట్లో లైసెన్సును ముందుగా సరెండర్ చేయాలి. ఇది మరిచిపోతే, రిజిస్టర్ అయిన ఈ-మెయిల్ ద్వారా లైసెన్సు రీసెట్ చేయించుకోవాల్సి వస్తుంది. ఆ ఈ-మెయిల్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాడిదో, మానేసి వెళ్లిన గుమాస్తాదో అయితే ఇబ్బంది తప్పదు. ఈరోజే చూసుకుని సంస్థ ఈ-మెయిల్‌కు మార్పించుకోండి.

కంపెనీ పేరు కనబడకపోతే

కొత్త వెర్షన్ వేరే ఫోల్డర్‌లో వెతుకుతూ ఉండవచ్చు. ట్యాలీ డేటా 10000, 10001 లాంటి అంకెల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటుంది. అవి ఎక్కడున్నాయో వెతికి, కంపెనీ ఎంచుకునే చోట ఆ దారి చూపిస్తే చాలు. కనబడలేదని అదే పేరుతో కొత్త కంపెనీ తెరిచి బిల్లులు కొట్టడం మొదలుపెట్టవద్దు. తర్వాత రెండు లెక్కలనూ కలపడం చాలా కష్టం.

ట్యాలీ ఈఆర్‌పీ 9 నుంచి గానీ, ప్రైమ్ 3.0 కంటే పాత వెర్షన్ల నుంచి గానీ వచ్చేవారు డేటాను మైగ్రేట్ చేయాలి. మైగ్రేట్ అయిన డేటా మళ్లీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకే పాత డేటా ఫోల్డర్‌ను కాపీ చేసి, ఆ కాపీనే ముందు మైగ్రేట్ చేసి చూడాలి. మధ్యలో లోపం వస్తే డేటా మెనూలోని రిపేర్ వాడవచ్చు. అయితే దానికి ముందు కూడా బ్యాకప్ ఉండాలి.

మైగ్రేట్ అయ్యాక కాగితం మీద రాసుకున్న ఐదు అంకెలతో సరిచూడాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా కొత్త బిల్లులు మొదలుపెట్టకుండా తేడా ఏ ఖాతాలో ఉందో పట్టుకోవాలి.

రెండు మూడు కంప్యూటర్లు ఉన్నచోట

దుకాణంలో ఒకటి, గోడౌన్‌లో ఒకటి ఉంటే అన్నింట్లోనూ ఒకే వెర్షన్ ఉండాలి. ఒకదాన్ని మాత్రమే అప్‌గ్రేడ్ చేస్తే మిగతావాటిలో కంపెనీ తెరుచుకోదు. లైసెన్సు కొన్నింటికే అందుతుంటే మెయిన్ కంప్యూటర్‌లోని విండోస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడాలి. ట్యాలీ గేట్‌వేకు మామూలుగా ఉండే 9999 పోర్టును అనుమతించాలి.

గుంటల వారీగా మేత లెక్క, ప్రత్యేక బిల్లు నమూనా వంటివి చేయించుకున్నవారికి అప్‌గ్రేడ్ తర్వాత ప్రింట్ చెదిరిపోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఆగిపోవచ్చు. ఆ టీడీఎల్ ఫైళ్లను తాత్కాలికంగా తీసేసి చూడండి. అప్పుడు బాగా నడిస్తే లోపం అదనంగా చేయించిన దానిలోనే ఉన్నట్టు. దాన్ని కొత్త వెర్షన్‌కు సరిచేయించుకోవాలి.

జీఎస్టీ రేట్లతో జాగ్రత్త

2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువుల జీఎస్టీ రేట్లు మారాయి. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన మీ వస్తువుల జాబితాలో రేట్లు వాటంతట అవే మారవు. కొత్త రేటును అది అమల్లోకి వచ్చిన తేదీతో నమోదు చేయాలి. పాత రేటు మీద దిద్దేస్తే వెనకటి బిల్లులు తెరిచినప్పుడు లెక్క తారుమారవుతుంది.

ఎఫ్‌పీఓలు తప్పక గమనించాల్సినది

కంపెనీల చట్టం కింద ప్రొడ్యూసర్ కంపెనీగా రిజిస్టరైన ఎఫ్‌పీఓలు 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి ఎంట్రీలో ఎప్పుడు ఏ మార్పు చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. ఆ సదుపాయాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ట్యాలీలో మామూలు ఎడిషన్, ఎడిట్ లాగ్ ఎడిషన్ అని రెండున్నాయి. మామూలుదాంట్లో ఎడిట్ లాగ్‌ను ఆపుకోవచ్చు, రెండోదాంట్లో ఆపలేరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏది ఎక్కుతోందో ఆడిటరును అడిగి నిర్ణయించుకోండి. లెక్కలు 8 సంవత్సరాలు భద్రపరచాలి కాబట్టి పాత డేటాను చెరిపేయవద్దు.

ప్రాథమిక సహకార సంఘాల సంగతి వేరు. 2022 జూన్‌లో కేంద్రం ఆమోదించిన కంప్యూటరీకరణ పథకం కింద నాబార్డు ద్వారా ఉమ్మడి సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో సిబ్బంది సొంతంగా ఇన్‌స్టాల్ చేసేది తక్కువ. పాత రిజిస్టర్లలోని సభ్యుల అప్పు, వాటాధనం కొత్త దాంట్లోకి సరిగా ఎక్కాయా అన్నది మాత్రం ఒక్కొక్క సభ్యుడి పేరు మీద చూసుకోవాలి.

ఉప్పుగాలి, తేమ

తీరానికి దగ్గరగా ఉన్న ఆఫీసుల్లో ఉప్పుగాలికి కంప్యూటర్ లోపలి భాగాలు త్వరగా తుప్పు పడతాయి. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ లోపం అనుకున్నది నిజానికి హార్డ్ డిస్కు లోపమే. డేటా పదేపదే చెడిపోతుంటే ముందు డిస్కును పరీక్షించాలి. కంప్యూటర్‌ను నేల మీద కాకుండా ఎత్తులో, కిటికీకి దూరంగా పెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల కాలంలో ప్రతిరోజూ బ్యాకప్ తీసి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉండేలా చూసుకోవాలి.

రైతులు ఏం చేయాలి?

మీ డీలరు సాఫ్ట్‌వేర్ మారుస్తున్నాడని తెలిస్తే, ఆ ముందురోజు వరకు ఉన్న మీ ఖాతా ప్రింట్ తీసుకుని డీలరు సంతకం పెట్టించుకోండి. మారిన తర్వాత ఇంకో ప్రింట్ తీసుకుని రెండింటిలోని బాకీని, మేత బస్తాల సంఖ్యను సరిచూసుకోండి. మేత దిగినప్పుడు ఇచ్చే డెలివరీ చీటీలను లెక్క తేలేవరకు దాచుకోండి. కంప్యూటర్‌లో తేడా వచ్చిన రోజున మీ మాటకు బలం ఇచ్చేవి ఆ చీటీలే.