పదహారేళ్ల కుర్రాడికి ఏ విల్లు కొనాలి?
చెయ్యి చూసి, చట్టం చూసి, ఆపైన చేతిలో డబ్బు చూసి

సీతంపేట: కొండ మీది సవర గూడల్లో మగపిల్లవాని తొలి ఆటవస్తువు విల్లు. తాతో తండ్రో చీల్చి వంచి ఇచ్చిన మూడడుగుల వెదురు బద్ద అది. గోడలపై వేసుకునే సవర బొమ్మల్లో సైతం విల్లు పట్టిన మనిషి కనిపిస్తాడు. అయితే కుర్రాడికి మీసకట్టు వచ్చేసరికి ఆ విల్లు పొట్టిదవుతుంది. “ఇది నాకు సాలదు నాయినా, పెద్దోళ్ల విల్లు కావాల” అనే రోజు ఒకటి వస్తుంది. చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు అమ్మి తెచ్చిన సొమ్ములో విల్లుకు ఎంత తీయాలి, ఏ విల్లు కొనాలి అన్నది ఆ తండ్రికి పెద్ద చిక్కే.

ముందు చట్టం మాట

విల్లు ఎందుకని అడిగితే వేటకని చెప్పే కాలం పోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణతో అడవి జంతువుల వేటకు తలుపులు మూసుకున్నాయి. కుందేలును కొట్టినా, దుప్పిని కొట్టినా నేరమే. గిరిజనులకు మినహాయింపు లేదు. నేరం రుజువైతే మూడేళ్ల వరకు, పెద్దపులి, ఎలుగు వంటి జంతువుల విషయంలో ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. 2022 సవరణతో జరిమానాలు కూడా పెరిగాయి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆత్మరక్షణ వేరు. అడవిపంది చేను తొక్కిందని విల్లెక్కుపెడితే మాత్రం కేసు తప్పదు. అటవీశాఖకు ఫిర్యాదు చేయడమే దారి. పదో తరగతి చదివే బిడ్డకు వేటవిల్లు కొనివ్వడమంటే కోర్టు వాయిదాలు కొనివ్వడమే కావచ్చు. కనుక కొనే విల్లు గురి కోసం, పోటీ కోసం కావాలి.

వెదురు విల్లు

చేతిలో డబ్బు తక్కువైతే వెదురు విల్లే మేలు. ఇది తక్కువరకం అనుకోనక్కరలేదు. మన దేశంలో ‘ఇండియన్ రౌండ్’ పేర పాఠశాల స్థాయి నుంచి జరిగే పోటీలు వెదురు విల్లుతోనే. లేత వెదురు పనికిరాదు. మూడేళ్లు దాటి ముదిరినది, వాన వెళ్లాక ఎండాకాలంలో నరికి నీడన ఆరబెట్టినది కావాలి. వెదురు పైచర్మం విల్లుకు బయటివైపు ఉండాలి. లాగినప్పుడు సాగే భారమంతా ఆ చర్మమే మోస్తుంది. దాన్ని చెక్కేసిన విల్లు త్వరగా విరుగుతుంది. రెండు కొనలూ సమంగా వంగుతున్నాయా, కణుపుల దగ్గర పగులు ఉందా అని వెలుతురులో చూడాలి. పొడవు కుర్రాడి ఎత్తుకు దగ్గరగా ఉంటే చాలు. పని కాగానే నారి విప్పి ఉంచాలి. విప్పకపోతే విల్లు వంగినది వంగినట్టే ఉండి బలం చచ్చిపోతుంది.

కంపెనీ విల్లు

ఒలింపిక్సులో వాడే రికర్వు విల్లుకు మధ్య పిడి, పైనా కిందా రెక్కలు వేరువేరుగా ఉంటాయి. పూర్తి సామానుతో విదేశీ రకం లక్షల్లోకి పోతుంది. అయితే రెక్కలు ఊడదీసే రకం కొంటే పేదవానికి లాభం ఉంది. మొదట తక్కువ బలం రెక్కలు కొని, బలం పెరిగాక రెక్కలు మాత్రం మార్చుకోవచ్చు. పిడి మళ్లీ కొననక్కరలేదు.

కొలత తీయడం సులువు. కుర్రాడు రెండు చేతులూ బారజాపి నిలబడితే వేలి కొన నుంచి వేలి కొనకు ఎన్ని అంగుళాలో చూసి రెండున్నరతో భాగించాలి. 65 అంగుళాలు వస్తే అతని లాగుడు 26 అంగుళాలు. అటువంటి వానికి 66 లేక 68 అంగుళాల విల్లు సరిపోతుంది. రెక్కపై రాసి ఉండే పౌన్ల లెక్క 28 అంగుళాలు లాగినప్పటిది. అంగుళం తగ్గితే సుమారు రెండు పౌన్లు తగ్గుతుంది. కనుక 24 అని రాసిన రెక్క 26 అంగుళాలు లాగేవానికి 20 పౌన్లే.

తండ్రులు పొరపడేది ఇక్కడే. మూటలు మోసే కుర్రాడు కదా అని 40 పౌన్ల విల్లు కొంటారు. మూట మోసే బలం వేరు, విల్లు లాగి పట్టే బలం వేరు. విల్లు పూర్తిగా లాగి పదిహేను లెక్కపెట్టేవరకు చెయ్యి వణకకుండా నిలపగలిగితే అది తగిన విల్లు. వణికితే బరువు తగ్గించాలి. బరువు విల్లుతో గురి రాదు, భుజం చెడుతుంది.

డబ్బంతా విల్లుకే పెట్టరాదు

ఉన్న సొమ్ములో మూడోవంతు బాణాలకు, మిగతా సామానుకు ఉంచుకోవాలి. విల్లు బలానికి తగిన బిగువు లేని బాణం పక్కకు పోతుంది. ఆరు బాణాలూ ఒకే పొడవు, ఒకే బరువు ఉండాలి. ముంజేతికి తోలు పట్టీ, వేళ్లకు తొడుగు తప్పనిసరి. బాణం లేకుండా నారి లాగి వదలరాదు. ఆ దెబ్బ విల్లుకే తగిలి రెక్క చీలుతుంది. పాత విల్లు కొనేవారు రెక్కలో మెలిక, జిగురు ఊడిన చోటు, సన్నని గీత ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి.

గూడ నుంచి ఒలింపిక్సుకు

ఇదంతా ఆటకోసమేనా అన్నవారికి లింబారామ్ ఉన్నాడు. రాజస్థాన్ ఉదయపూర్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టి, వెదురు విల్లుతో పిట్టలు కొట్టిన కుర్రాడు. 1987లో స్పోర్ట్సు అథారిటీ ఎంపికలో నెగ్గి మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్సులో నిలిచాడు. తర్వాత బార్సిలోనా, అట్లాంటా కూడా వెళ్లాడు. 2012లో పద్మశ్రీ వచ్చింది. మన రాష్ట్రంలో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

విజయవాడలో గురువులున్నారు, బరులున్నాయి. కొండ మీద కుర్రాళ్లకు పుట్టుకతో వచ్చిన గురి ఉంది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట అందులో చేరింది. గిరిజన పాఠశాలల్లో ఒక గడ్డివాము గురి, నాలుగు వెదురు విళ్లు, నేర్పే మనిషి ఒకడు ఉంటే తండ్రులపై ఈ ఖర్చు పడదు. బిడ్డ విల్లు పట్టి అడవి వైపు కాక బడి మైదానం వైపు నడిచేలా చూడవలసిన బాధ్యత ఐ.టి.డి.ఎ. అధికారులపై ఉంది.