మెడ నరికారా, పుర్రె జరిగిందా?

హైదరాబాద్ పాతబస్తీ నుంచి భక్తులు ఉర్సుకు వెళ్ళే మౌలాలి గుట్ట పరిసరాల్లో ఇనుప యుగం నాటి బృహత్ శిలా సమాధులు ఉన్నాయి. పల్లెల్లో ఇలాంటివాటిని రాకాసి గుళ్ళంటారు. దక్కన్ అంతటా ఇవి కనిపిస్తాయి. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ పంతొమ్మిదో శతాబ్దం నడుమ షోరాపూర్ ప్రాంతంలో, జేవర్గి దగ్గర కొన్నిటిని తవ్వించాడు. మొండెం ఒకచోట, తల మరోచోట పడివున్న అస్థిపంజరాలు బయటపడ్డాయి. రాజు చనిపోతే సేవకులను చంపి వెంట పూడ్చిపెట్టే శకుల ఆచారాన్ని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వర్ణించాడు. దానితో పోల్చి, ఇక్కడ జరిగిందీ నరబలేనని టేలర్ తేల్చాడు. ఆ నిర్ణయం నిలవదని నా అభిప్రాయం. హెరొడోటస్ చెప్పిన సేవకులను గొంతు నులిమి చంపారు, తల నరకలేదు. అంటే, ఆధారంగా తీసుకున్న కథే ఎముకలకు అతకడం లేదు.

డెన్మార్క్ చిత్తడి నేలల్లో దొరికిన శవాలను చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆమ్లగుణం, చలి, ప్రాణవాయువు లేమి కలిసి అక్కడ చర్మాన్ని పదునుచేసిన తోలులా నిలబెట్టాయి. 1950లో దొరికిన టోలుండ్ మనిషి సుమారు 2,400 ఏళ్ళనాటివాడు. మెడకు తోలు ఉరితాడు అలాగే ఉంది. పొట్టలో బార్లీ, అవిసె గింజల జావ మిగిలింది. ఉరి వేశారనడంలో సందేహం లేదు. కానీ దేవతకు అర్పించారా, నేరానికి శిక్షించారా? కళ్ళూ నోరూ మూసి, నిద్రపోతున్నట్టు పడుకోబెట్టారు కాబట్టి బలి అనే వాదనకు బలముంది. అయితే జర్మానిక్ తెగలవారు ద్రోహులను చెట్టుకు ఉరితీసేవారని రోమన్ రచయిత టాసిటస్ రాశాడు. అదే టాసిటస్‌ను నమ్ముకుని, 1952లో జర్మనీలోని విండెబీలో దొరికిన శవాన్ని వ్యభిచార నేరానికి శిక్షపడిన బాలికగా కొన్ని దశాబ్దాలు చెప్పుకున్నారు. తర్వాతి పరీక్షల్లో అది పదహారేళ్ళ కుర్రాడిదని తేలింది.

దక్కన్‌లో పరిస్థితి ఇంకా కష్టం. మన సమాధుల్లో చర్మం మిగలదు, ఎముకలే తరచూ పొడిగా దొరుకుతాయి. పైగా శవాన్ని ముందు ఆరుబయట వదిలి, తర్వాత ఎముకలు ఏరి పూడ్చే పద్ధతి ఆ కాలంలో ఉండేది. అలా ఏరినప్పుడు పుర్రె విడిగా చేరడంలో వింత ఏముంది? ‘మరి ఈ నేలలో నరబలే లేదంటారా?’ అని అడగవచ్చు. అలా అనను. శ్రీశైలంలో అనవేమారెడ్డి 1377 ప్రాంతంలో వీరశిరోమండపం కట్టించాడు. వీరులు అక్కడ తలలూ నాలుకలూ కోసుకుని శివుడికి అర్పించేవారని శాసనం వర్ణిస్తుంది. తల కోసుకుంటున్న వీరుల శిల్పాలు తెలుగునాట చాలాచోట్ల ఉన్నాయి. శాసనంలో అతిశయోక్తి ఉండవచ్చు, అయినా ఉద్దేశం ఆ సమాజమే తన నోటితో చెప్పింది. అది ఆత్మార్పణ, ఇతరులను చంపి పూడ్చడానికి సాక్ష్యంగా దాన్ని రెండువేల ఏళ్ళు వెనక్కి జరపలేం.

టేలర్ మాట నిజమని నేను ఒప్పుకోవాలంటే మెడ వెన్నుపూసల మీద కత్తిగాటు కనబడాలి. ఆ గాటు పచ్చి ఎముక మీద పడిందై ఉండాలి. ఎండిన ఎముక విరిగితే అంచు గరుకుగా, రంగు వేరుగా ఉంటుంది. ఒకే సమాధిలో పలువురిని ఒకేసారి పూడ్చిన జాడా కావాలి. ఈ వివరాలు మట్టిలో ఎముక కదలకముందే నమోదు కావాలి. నగరం పెరిగి హస్మత్‌పేటలో ఇలాంటి సమాధులు ఇళ్ళ నడుమ చిక్కుకున్నాయి. ఒక్క పునాది గొయ్యి తవ్వితే చాలు, పుర్రె ఎక్కడుందో, మొండెం ఎక్కడుందో ఇక ఎవరూ చెప్పలేరు.