మీకు తెలుసా? బోయా నుంచి పుట్టిన గ్రిల్

అమెరికా పెరళ్లలో కనిపించే గుండ్రటి మూత గ్రిల్‌కు మూలం నీళ్లమీద తేలే బోయా! 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ కార్ఖానాలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, బోయా చిప్పల్లో ఒకదాన్ని కుంపటిగా, ఇంకోదాన్ని మూతగా మార్చాడు.

అసలు కిటుకు ఆ మూతలోనే ఉంది. బొగ్గులకు తెల్లటి బూడిద పట్టాక నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టండి. వాటిమీద చికెన్ ముక్కలకు రంగు రాగానే ఖాళీ వైపు జరిపి మూత పెడితే, మాడకుండా ఎముక దాకా ఉడుకుతాయి. రంగు చూసి నమ్మొద్దు, లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. ఇక కాల్చిన వాసన ఘనతంతా బొగ్గుకే కట్టబెట్టడం అన్యాయం. కారిన కొవ్వు చుక్క నిప్పులమీద సుయ్‌మని పడి, పొగై లేచి ముక్కలకు పడుతుంది.